గ్రాఫిక్స్ కార్డు సమీక్షలు: కొనేవారికి పనికొచ్చేదెంత

గ్రాఫిక్స్ కార్డును ఒక యంత్రంలో బిగించి, కొన్ని ఆటలూ కొన్ని పనులూ నడిపించి, వేగాన్ని, వేడిని, చప్పుడును, కరెంటు వాడకాన్ని కొలిచి, ధర పక్కన పెట్టి చెప్పడాన్ని కార్డు సమీక్ష అంటారు. పాతికేళ్లకు పైగా ఈ పద్ధతులు మారుతూ వచ్చాయి. మొదట్లో ఒక్క సగటు అంకెతో సరిపెట్టిన పరీక్షకులు ఇప్పుడు ఒక్కో ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో లెక్కగడుతున్నారు. సమీక్షకుడు కొలిచేది కార్డును. కొనేవారికి కావలసింది తమ సిస్టమ్‌లో, తమ మానిటర్ మీద, తమ పనికి, తమ ఊరి ఎండలో ఆ కార్డు ఎలా నడుస్తుందన్న సంగతి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ పరిసరాల కొనుగోలుదారుల వైపు నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కొనేవారు, కొనే చోటు

మాడుగులపల్లి లాంటి ఊరిని తీసుకుందాం. నల్లగొండ జిల్లాలో, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉంటుంది. ఇక్కడివారికి సిస్టమ్ కావాలన్నా, పాడైతే బాగుచేయించాలన్నా దగ్గరి పట్టణం మిర్యాలగూడ. అటు 65వ నంబరు జాతీయ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడల్లోనూ కంప్యూటర్ షాపులున్నాయి. ఖరీదైన కార్డు కావలసినవారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్తారు, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు.

ఈ ప్రాంతంలో కార్డు కొనేవారందరూ ఆటల కోసమే కొనరు. పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవారు, కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేసే ఫొటో స్టూడియోలు, ఫ్లెక్సీలు వేసే షాపులు, ఇంజనీరింగ్ చదువుతూ మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే పిల్లలు కూడా కొంటారు. ఆటలాడే కుర్రాళ్లలో చాలామందికి ఉండేది సరికొత్త యంత్రం కాదు. హైదరాబాదులో ఐటీ కంపెనీలు తీసేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌ను సెకండ్ హ్యాండులో తెచ్చుకుని, దానికో కార్డు తగిలించుకుంటారు. అలాంటి సన్నటి డబ్బాలో పొడవాటి కార్డు పట్టదు. దాని ఎస్‌ఎంపీఎస్‌కు కార్డుకిచ్చే ప్రత్యేక వైరు కూడా తరచూ ఉండదు. ప్రపంచంలోని పేరున్న సమీక్షల్లో ఈ కొనుగోలుదారు దాదాపుగా కనిపించరు.

షాపులో మొదటి ప్రశ్న ఇప్పటికీ ‘ఎన్ని జీబీ కార్డు?’ అనే. ఆ ఒక్క ప్రశ్నతో బేరం నడిచే చోట సమీక్షల అవసరం మరింత ఎక్కువ.

సగటు నుంచి ఫ్రేము కాలం దాకా

1990ల రెండో సగంలో త్రీడీ కార్డులు ఇళ్లలోకి వచ్చినప్పుడు పరీక్ష సులువుగా ఉండేది. క్వేక్ ఆటలో ముందే రికార్డు చేసిన ఒక సన్నివేశాన్ని నడిపించి సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చాయో రాసేవారు. 1998లో త్రీడీమార్క్ 99 వచ్చాక ఒకే మార్కుతో కార్డులను వరుసలో నిలబెట్టడం అలవాటైంది. అందరూ ఒకే పరీక్ష పెడుతున్నారని తెలిసిన కంపెనీలు ఆ పరీక్షకే కార్డును సిద్ధం చేయడం మొదలుపెట్టాయి. 2001లో ఏటీఐ రేడియాన్ 8500 డ్రైవరు క్వేక్ 3 పేరును గుర్తుపట్టి బొమ్మల నాణ్యత తగ్గించి వేగం పెంచుతోందని బయటపడింది. ఆట ఫైలు పేరును ‘క్వాక్’ అని మార్చగానే వేగం పడిపోయింది. 2003 మేలో త్రీడీమార్క్ తయారీదారైన ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా డ్రైవర్లు తమ పరీక్షను గుర్తుపట్టి అడ్డదారి తొక్కుతున్నాయని తేల్చింది. ఆ దారి మూసేసరికి జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు 24 శాతం తగ్గింది. అందుకే నేటి మంచి పరీక్షకులు ఒక్క మార్కును నమ్ముకోరు. పది, పదిహేను ఆటలు నడుపుతారు, వీలైనచోట ఆటలోనే ఉన్న పరీక్షా సన్నివేశాన్ని వదిలి నిజంగా ఆడుతూ కొలుస్తారు.

అంతకంటే పెద్ద మార్పు 2011 సెప్టెంబరులో వచ్చింది. టెక్ రిపోర్ట్ సంపాదకుడు స్కాట్ వాసన్ సెకను లోపలికి తొంగిచూడాలని ప్రతిపాదించారు. ఆ వాదన అర్థం కావడానికి ఒక చిన్న లెక్క చాలు. ఒక సెకనులో 60 ఫ్రేములు వచ్చాయనుకుందాం. వాటిలో 59 ఫ్రేములకు తలా 15 మిల్లీసెకన్లు పట్టింది, అంటే 885. మిగిలిన ఒక్క ఫ్రేముకు 115 మిల్లీసెకన్లు పట్టింది. మొత్తం 1,000. సగటు చూస్తే సెకనుకు 60 ఫ్రేములు, అద్భుతం. ఆడేవారికి మాత్రం ఆ 115 మిల్లీసెకన్ల దగ్గర తెర ఒక్క క్షణం స్తంభించినట్టు కనిపిస్తుంది. మన దగ్గర ‘స్టక్ అవుతోంది’ అనేది దీన్నే. సగటు అంకె ఆ అనుభవాన్ని పూర్తిగా మింగేస్తుంది.

2013లో ఎన్విడియా విడుదల చేసిన ఎఫ్‌క్యాట్ అనే పనిముట్టుతో తెర మీదికి నిజంగా చేరిన ఫ్రేములనే రికార్డు చేసి కొలవడం సాధ్యమైంది. రెండు కార్డులు జతకట్టి నడిపే ఏఎండీ క్రాస్‌ఫైర్ పద్ధతిలో చాలా ఫ్రేములు లెక్కకే తప్ప కంటికి ఆనవని దాంతో రుజువైంది. అదే ఏడాది ఆగస్టులో ఏఎండీ సవరించిన డ్రైవరు ఇచ్చింది. సమీక్షా పద్ధతి మారితే కొనేవారి చేతిలోని కార్డే బాగుపడుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు దాదాపు ప్రతి సమీక్షలో సగటు పక్కన ‘ఒక శాతం కనిష్ఠం’ అనే అంకె ఉంటుంది. అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని అది సూచిస్తుంది. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ వాడేవారు ముందుగా చూడవలసిన అంకె అదే. రెండు కార్డుల సగటు 90, 110గా ఉన్నా ఆ మానిటర్ మీద ఆ తేడా పెద్దగా తెలియదు. కనిష్ఠం ఒకదానికి 35, మరోదానికి 62 అయితే తేడా కళ్లకు కడుతుంది. ఒక జాగ్రత్త: ఈ కనిష్ఠాన్ని అందరూ ఒకే తీరున లెక్కించరు. కొందరు హద్దు దగ్గరి ఒక్క విలువ తీసుకుంటే కొందరు చివరి ఒక శాతానికంతా సగటు కడతారు. ఒక సమీక్షలోని కనిష్ఠాన్ని మరో సమీక్షలోని కనిష్ఠంతో పోల్చకూడదు.

2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 శ్రేణితో డీఎల్‌ఎస్‌ఎస్ వచ్చాక లెక్క మరింత చిక్కుపడింది. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపడం మొదటి అంచె. 2022లో ఆర్‌టీఎక్స్ 40 శ్రేణితో, నడుమ ఫ్రేములను పుట్టించి చేర్చే పద్ధతి వచ్చింది. ఇలా చేరిన ఫ్రేములతో బొమ్మ నునుపుగా కదులుతుంది కానీ మౌసు నొక్కినప్పుడు స్పందన వేగం పెరగదు. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు ఆర్‌టీఎక్స్ 4090తో సమానమని వేదిక మీద ప్రకటించారు. ఆ సమానత్వం కొత్త కార్డు పుట్టించే అదనపు ఫ్రేములను కలుపుకుని చెప్పినది. ఒకదానికి 12 జీబీ మెమరీ, మరోదానికి 24 జీబీ. గీసిన ఫ్రేములను, పుట్టించిన ఫ్రేములను వేర్వేరు పట్టికల్లో చూపే సమీక్షనే నమ్మాలి. రెంటినీ కలిపి ఒకే గీతగా చూపితే దాన్ని ప్రకటన కిందే లెక్కగట్టాలి.

పరీక్షా యంత్రం వేరు, మన యంత్రం వేరు

కార్డుల తేడా తేటతెల్లంగా కనబడాలంటే ప్రాసెసర్ అడ్డుపడకూడదు. అందుకని సమీక్షకులు ఆ సమయానికి దొరికే అత్యంత వేగవంతమైన ప్రాసెసర్‌తో పరీక్షిస్తారు. శాస్త్రీయంగా ఇది సరైన పద్ధతే. కొనేవారి దగ్గరికి వచ్చేసరికి ఇదే పద్ధతి కొన్నిసార్లు వారిని నిలువునా తప్పుదోవ పట్టిస్తుంది.

ఇంటెల్ ఆర్క్ బీ580 కథ దానికి సాక్ష్యం. 2024 డిసెంబరులో 249 డాలర్లకు 12 జీబీ మెమరీతో విడుదలైన ఈ కార్డును సమీక్షలు దాదాపు ఏకగ్రీవంగా మెచ్చుకున్నాయి. తక్కువ డబ్బులో ఆర్‌టీఎక్స్ 4060ను మించిందన్నారు. 2025 జనవరి మొదట్లో హార్డ్‌వేర్ కెనక్స్, హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ సంస్థలు అదే కార్డును రైజెన్ 5 2600 లాంటి పాత ప్రాసెసర్లతో నడిపి చూశాయి. కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోయి 4060 కంటే వెనకబడింది. ఇంటెల్ డ్రైవరు ప్రాసెసర్ మీద ఎక్కువ భారం మోపడమే కారణం. వేగవంతమైన ప్రాసెసర్ ఆ భారాన్ని కప్పిపుచ్చింది. తర్వాతి డ్రైవర్లు కొన్ని ఆటల్లో ఈ లోపాన్ని తగ్గించాయి. ఇక్కడ గమనించవలసింది కొనుగోలుదారు స్థితి. తక్కువ ధర కార్డును కొనేది పాత ప్రాసెసర్ ఉన్నవారే. డిసెంబరు సమీక్షల్లో కొలతలు తప్పు కావు. అవి కొనేవారి యంత్రాన్ని చూడలేదు, అంతే. పైగా ఆర్క్ కార్డులకు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండితీరాలి. ఆఫీసుల నుంచి వచ్చిన పాత డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా ఉండదు.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మరో పాఠం. 2022 జనవరిలో వచ్చిన ఈ 4 జీబీ కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగంటే నాలుగే లేన్లు వాడుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్న కొత్త బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది. 3.0 బోర్డులో ఆ దారి వెడల్పు సగానికి సగం తగ్గి, మెమరీ నిండిన ప్రతిసారీ ఆట కుంటుతుంది. ఇంటెల్ పదో తరం వరకు డెస్క్‌టాప్‌లేవీ 3.0 దాటవు. ఈ కార్డును మాత్రం పలువురు సమీక్షకులు మొదటి రోజే రెండు రకాల బోర్డుల మీదా పరీక్షించి చూపారు. చవక కార్డు కొనేవారికి అక్కరకొచ్చిన సమీక్షల్లో వాటిని ముందు వరుసలో చెప్పాలి.

అందువల్ల సమీక్ష చదివేటప్పుడు పట్టికలకంటే ముందు ‘పరీక్షా యంత్రం’ అన్న భాగం చదవాలి. అక్కడ రాసిన ప్రాసెసర్‌కూ మనదానికీ తేడా ఎక్కువగా ఉంటే, మన ప్రాసెసర్ మీద వేరొకరు చేసిన పరీక్షను కూడా వెతకాలి. ఒక ఆటలో మన ప్రాసెసర్ ఏ కార్డుతోనైనా 80 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంటే, 140 ఇచ్చే కార్డు కొన్నా 80 దగ్గరే ఆగుతుంది. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటల్లో ప్రాసెసరే హద్దు గీస్తుంది. అవి ఆడటానికి పెద్ద కార్డు కొనిపించడం డబ్బు వృథా చేయించడమే.

పేరు ఒకటి, సరుకు ఇంకొకటి

సమీక్ష ఒక కార్డు మీద జరుగుతుంది, షాపులో దొరికేది అదే పేరున్న ఇంకో కార్డు కావచ్చు. చిన్న పట్టణాల మార్కెట్లో అతి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

జీటీ 730 పేరుతో 2014 నుంచి కనీసం మూడు రకాలు అమ్ముడయ్యాయి. ఒకదాంట్లో పాత ఫెర్మీ చిప్పు, 96 కోర్లు. ఇంకోదాంట్లో కెప్లర్ చిప్పు, 384 కోర్లు, కానీ మెల్లని డీడీఆర్3 మెమరీ. మూడోదాంట్లో అదే కెప్లర్‌కు వేగమైన జీడీడీఆర్5 మెమరీ. డబ్బా మీద అన్నిటికీ 730 అనే ఉంటుంది. జీటీ 1030 సంగతి మరీ అన్యాయం. 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చినప్పుడు దాని మెమరీ వేగం సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో డీడీఆర్4 రకాన్ని తెచ్చారు. వేగం 16.8 గిగాబైట్లు, మూడో వంతుకు కాస్త ఎక్కువ. 2017 నాటి సమీక్ష చదివి 2018 తర్వాత కొన్నవారి చేతికి వచ్చింది ఆ సమీక్షలోని కార్డు కాదు. రెండూ 2 జీబీ కార్డులే కాబట్టి ‘ఎన్ని జీబీ’ అనే ప్రశ్న ఈ తేడాను పట్టుకోలేదు. ఆర్‌టీఎక్స్ 3060లో కూడా 2022లో 8 జీబీ రకం వచ్చింది. 12 జీబీ రకానికి మెమరీ వేగం సెకనుకు 360 గిగాబైట్లు, దీనికి 240.

ఆరితేరిన సమీక్షకుల కళ్లనూ దాటిపోయిన సందర్భం జీటీఎక్స్ 970ది. 2014 సెప్టెంబరులో ప్రశంసల మధ్య విడుదలైన ఆ కార్డులోని 4 జీబీలో పూర్తి వేగంతో పనిచేసేది మూడున్నర మాత్రమేనని, చివరి అర జీబీ నెమ్మదని 2015 జనవరిలో తేలింది. పట్టుకున్నది మొదటి సమీక్షలు కావు, కొని వాడుతున్నవారు. అమెరికాలో కేసు నడిచి 2016లో ఒక్కో కార్డుకు 30 డాలర్ల పరిహారానికి ఎన్విడియా ఒప్పుకుంది.

కాబట్టి సమీక్షలో చిప్పు పేరుతోపాటు కోర్ల సంఖ్య, మెమరీ రకం, బస్ వెడల్పు చూసి కాగితం మీద రాసుకుని షాపుకెళ్లడం మేలు. బిల్లు కట్టేముందు కార్డును అక్కడే సిస్టమ్‌లో పెట్టించి జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ఈ వివరాలన్నీ ఒకే కిటికీలో కనిపిస్తాయి. పాత చిప్పుకు కొత్త పేరు అంటించిన నకిలీ ఎన్విడియా కార్డులను గుర్తుపట్టే ఏర్పాటును 2018లో దానికి జోడించారు.

మిక్సింగ్, డిజైన్, లెక్కలు

సమీక్షల్లో ఎక్కువ భాగం ఆటలే. మిర్యాలగూడలోనో కోదాడలోనో మాఘమాసం ముహూర్తాలకు రాత్రింబవళ్లు కూర్చుని పెళ్లి వీడియో మిక్సింగ్ చేసేవారికి 4కే ఆటల పట్టిక దేనికీ కొరగాదు. వారి ప్రశ్నలు వేరు. కెమెరా నుంచి వచ్చిన ఫుటేజీ టైమ్‌లైన్ మీద ఆగకుండా నడుస్తుందా? మూడు గంటల పెళ్లి రెండర్ కావడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక్కడ తేడా తెచ్చేది ఫ్రేముల వేగం కాదు, వీడియోను విప్పే, మడిచే ప్రత్యేక భాగాలు. ఇప్పటి సోనీ, కెనాన్ కెమెరాలు 10 బిట్ 4:2:2 రంగులతో హెచ్.265 వీడియో తీయగలవు. ఆ రకాన్ని హార్డ్‌వేర్ స్థాయిలో విప్పే శక్తి ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి దాకా లేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్‌కు మాత్రం 11వ తరం నుంచే ఉంది. అంటే ఎంతో డబ్బు పోసి ఆర్‌టీఎక్స్ 4090 కొన్నా ఆ ఫుటేజీ ఈడ్చుకుంటూ నడవవచ్చు. ప్రాసెసర్‌లోని ఆ అంతర్గత గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో భాగంతో హాయిగా నడవవచ్చు. పెళ్లి మిక్సింగ్‌లో విరివిగా వాడే ఎడియస్ కూడా క్విక్ సింక్ మీద ఆధారపడుతూ వచ్చింది. కొంత డబ్బు ఆదా అవుతుందని పేరు చివర ‘ఎఫ్’ అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్ తీసుకుని, మిగిలిన డబ్బు కార్డు మీద పెట్టేవారున్నారు. ఆ ‘ఎఫ్’ ప్రాసెసర్లలో అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు, క్విక్ సింక్ ఉండదు. మిక్సింగ్ పనికి సిస్టమ్ కట్టించేవారికి ఇది కోలుకోలేని తప్పవుతుంది. ఏ ఫ్రేముల పట్టికా దీన్ని చెప్పదు.

ఈ పనుల కోసం విడి పరీక్షలున్నాయి. అమెరికాలోని ప్యూజెట్ సిస్టమ్స్ రూపొందించిన ప్యూజెట్‌బెంచ్ ఫొటోషాప్, ప్రీమియర్ ప్రో పనులను కొలుస్తుంది. క్యాడ్ పనులకు స్పెక్‌వ్యూపెర్ఫ్ ఉంది. త్రీడీ రెండరింగ్‌కు బ్లెండర్ వారి బహిరంగ పరీక్ష ఉంది, దాని ఫలితాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఆల్బమ్ డిజైన్ చేసేవారు ఫొటోషాప్ ఫలితాలు చూస్తే ఒక విషయం వెంటనే తెలుస్తుంది: మధ్యరకం కార్డుకూ అతి ఖరీదైన కార్డుకూ అక్కడ తేడా స్వల్పం. ఆ డబ్బును ర్యామ్‌కో ఎస్‌ఎస్‌డీకో మళ్లించుకోవచ్చు.

కార్డును లెక్కలకు వాడటంలో తెలుగునేలకు చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. 2007లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పవన్ హరీష్, ఆచార్యుడు పి.జె. నారాయణన్ పెద్ద గ్రాఫ్ లెక్కలను ఎన్విడియా 8800 జీటీఎక్స్ కార్డు మీద నడిపించారు. కోటి బిందువులున్న గ్రాఫులో ఒక చోటి నుంచి మిగతా అన్నిటికీ అతి దగ్గరి దారులను ఒకటిన్నర సెకనులో కనిపెట్టామని, ఆ కార్డు ఖరీదు 600 డాలర్లని వారు తమ పరిశోధనా పత్రంలో రాశారు. కార్డు మెమరీ పరిమాణమే లెక్క పరిమాణానికి హద్దు అవుతుందనీ చెప్పారు. ఫలితం, ధర, పరిమితి ఒకే చోట కలిపి చెప్పిన ఆ తీరును కార్డు సమీక్షలు రాసేవారందరూ నేర్చుకోవచ్చు. నేడు ఇంట్లో భాషా నమూనాలను నడిపి చూడాలనుకునే విద్యార్థికీ అదే హద్దు వర్తిస్తుంది. నమూనా కార్డు మెమరీలో పట్టకపోతే ఎంత వేగమైన చిప్పయినా నత్తనడకే. ఆటల పట్టికలో కింద ఉన్న 12 జీబీ కార్డు ఈ పనిలో పైనున్న 8 జీబీ కార్డును దాటేస్తుంది.

ఎండ, దుమ్ము, కరెంటు

ప్రయోగశాలలో గది ఉష్ణోగ్రత 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో మే నెలలో బయట 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో 38, 40 మామూలు. 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీలకు చేరిన కార్డు గది కంటే 48 డిగ్రీలు వేడెక్కిందన్నమాట. అదే పెరుగుదల 40 డిగ్రీల గదిలో అయితే 88. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, లేదా ఫ్యాన్లు హోరెత్తుతాయి. కాబట్టి వేడి కొలతల్లో గది కంటే ఎంత పెరిగిందో విడిగా రాసిన సమీక్షే మనకు పనికొస్తుంది. ఉత్త ‘70 డిగ్రీలు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. మిల్లుల ఊళ్లలో ఊక దుమ్ము ఫ్యాన్ రెక్కలకూ హీట్‌సింక్ సందులకూ పట్టుకుంటుంది. సమీక్షలు మాత్రం కడిగిన ముత్యం లాంటి కొత్త కార్డునే కొలుస్తాయి. ఒకే చిప్పుతో వచ్చే కార్డుల్లో పెద్ద హీట్‌సింక్ ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడం ఈ ప్రాంతంలో దుబారా కాదు.

కరెంటు విషయంలో సగటు వాట్లు చెబితే చాలదు. కార్డులు మిల్లీసెకన్లపాటు సగటుకు ఎంతో ఎక్కువగా లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ క్షణిక కుదుపులను ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోవాలని నిర్దేశించింది. ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు ఇస్తుంది. కరెంటు పోయిన క్షణంలో కార్డు పూర్తి భారం మీద ఉంటే యూపీఎస్ ఒక్క కూత కూసి ఆగిపోవచ్చు. మిక్సింగ్ చేసేవారికి అది గంటల పని నష్టం. క్షణిక వాడకాన్ని కొలిచే సమీక్షలు కొన్నే ఉన్నాయి, వాటిని వెతికి చూడటం శ్రమకు తగ్గ ఫలితమిస్తుంది. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు వేగంలో గొప్పది కాకపోయినా మన ఎస్‌ఎంపీఎస్‌కూ యూపీఎస్‌కూ పెద్దగా పరీక్ష పెట్టదు.

ధర లెక్క

చాలా సమీక్షల చివర ఫ్రేముకు ఎంత ఖర్చన్న పట్టిక ఉంటుంది. దాన్ని డాలర్ ధరతో కడతారు, అది అమెరికా పన్ను కలపని ధర. మన దగ్గర 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు, పంపిణీదారు లాభాలు కలిసి కార్డుల మధ్య వరుసే మారిపోతుంది. అక్కడ చవకైనది ఇక్కడ చవక కాకపోవచ్చు. పట్టికలో ఫ్రేములను మాత్రం తీసుకుని ధరను మన షాపు కొటేషన్ నుంచి వేసుకోవాలి.

ఉదాహరణకు ఒక కార్డు 30,000 రూపాయలకు 75 ఫ్రేములు ఇస్తుందనుకుందాం, ఫ్రేముకు 400 రూపాయలు. మరోటి 36,000కు 100 ఫ్రేములు ఇస్తే ఫ్రేముకు 360. రెండోదే మేలనిపిస్తుంది. దానికోసం 4,500 పెట్టి కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా కొనవలసి వస్తే ఖర్చు 40,500, ఫ్రేముకు 405. వరుస తలకిందులైంది. మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే లెక్క ఇంకా మారుతుంది. వారంటీ కూడా ధరలో భాగమే. కార్డు పాడైతే ఈ పట్టణాల నుంచి హైదరాబాదు సర్వీస్ సెంటర్‌కు పంపడం, తిరిగి వచ్చేదాకా పని ఆగడం ఏ పట్టికలోనూ ఉండవు. బిల్లు లేకుండా పన్ను మిగుల్చుకుని కొన్న కార్డుకు ఆ హక్కు కూడా అనుమానమే.

సమీక్షకుడికి కార్డు ఎక్కడి నుంచి వస్తుంది

విడుదల రోజు సమీక్షలు రావాలంటే కంపెనీ ముందుగా కార్డు పంపాలి, డ్రైవరు ఇవ్వాలి. ఆ రెండూ కంపెనీ చేతిలోని పగ్గాలే. 2016లో ఎంఎస్‌ఐ, అసూస్ సంస్థలు సమీక్షకులకు పంపిన జీటీఎక్స్ 1080 కార్డులు, షాపుల్లో అమ్మే వాటికంటే కాస్త ఎక్కువ వేగానికి అమర్చి ఉన్నాయని టెక్‌పవరప్ బయటపెట్టింది. 2020 డిసెంబరులో హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ వారు, వెలుగునీడలను లెక్కగట్టి గీసే రే ట్రేసింగ్ పద్ధతికి తగిన ప్రాధాన్యం ఇవ్వడం లేదంటూ ఎన్విడియా వారికి కార్డులు ఆపేస్తున్నట్టు లేఖ రాసింది. గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ వచ్చినప్పుడు సమీక్షలకు అందినవి 16 జీబీ రకాలు. 8 జీబీ రకాన్ని పంపలేదు. నెల తర్వాత ఆర్‌టీఎక్స్ 5060కు ముందస్తు డ్రైవరే ఇవ్వలేదు. కంపెనీ చెప్పిన ఆటలు, చెప్పిన అమరికలతో ముందస్తు పరిచయం రాయడానికి ఒప్పుకున్న కొందరికి మాత్రం ఇచ్చారు.

చవక కార్డుల దగ్గరే ఈ తలుపులు ఎక్కువగా మూసుకుంటాయి. ఆచితూచి ఖర్చుపెట్టేవారికే సమాచారం ఆలస్యంగా అందుతోందన్నమాట. సమీక్షకుడు తన డబ్బుతో షాపులో కొన్న కార్డు మీద చేసిన పరీక్ష వారం పది రోజులు ఆలస్యమైనా సరే, దాని కోసం ఆగడం మంచిది.

కాలం గడిచాక

కొన్నవారు మూడేళ్లో ఐదేళ్లో వాడతారు, సమీక్ష మొదటి వారానిది. ఈ ఎడాన్ని పూడ్చేవి పునఃపరీక్షలు. 2020 చివర్లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070 ధర 499 డాలర్లు, మెమరీ 8 జీబీ. ఆర్‌ఎక్స్ 6800 ధర 579, మెమరీ 16 జీబీ. ఆనాటి ఆటల్లో ఆ మెమరీ తేడా పెద్దగా పట్టింపు లేదనిపించింది. 2023లో హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ ఆ రెంటినీ కొత్త ఆటలతో మళ్లీ పోల్చింది. 8 జీబీ కార్డు కొన్ని ఆటల్లో తడబడింది. మరికొన్ని ఆటల్లో ఫ్రేముల వేగం బాగానే ఉన్నట్టు చూపుతూ గోడల, ముఖాల మీది వివరాలను సరిగా లోడ్ చేయక మసకగా వదిలేసింది. పట్టికకు అందని ఈ లోపం పక్కపక్కన పెట్టిన బొమ్మల్లోనే తెలిసింది.

తెలుగులో సాంకేతిక సమీక్షలకు పాఠకులు కొత్త కాదు. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన ‘కంప్యూటర్ ఎరా’ మాసపత్రిక 2000ల దశకంలో హార్డ్‌వేర్ విషయాలను జిల్లాల దాకా తెలుగులో చేర్చింది. నేటి తెలుగు వీడియోల్లో ఫోన్లదే పైచేయి. కార్డుల మీద వచ్చేవాటిలో కొత్త డబ్బా విప్పి చూపడమే ఎక్కువ, ఫ్రేము కాలాలు కొలిచేవి అరుదు. నాలుగో తరం ఐ5తో ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్, 60 హెర్ట్జ్ మానిటర్, ఏసీ లేని గది, 600 వీఏ యూపీఎస్. ఈ అమరికతో ఏడాదికి నాలుగు చవక కార్డులను పరీక్షించి తెలుగులో చెప్పేవారుంటే, ఈ మూడు పట్టణాల్లో కార్డు కొనేవారికి అది సముద్రాల అవతలి నుంచి వచ్చే వంద పట్టికలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

సెకండ్ హ్యాండు కార్డులకు అలాంటి పరీక్ష మరీ అవసరం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని తవ్వడం ఆగిపోయింది. ఏళ్ల తరబడి రేయింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. కొత్తగా ఉన్నప్పటి సమీక్ష వాటికి వర్తించదు. అలాంటి కార్డును అరగంటసేపు పూర్తి లోడ్ మీద నడిపించి, చిప్పు వేడితోపాటు చిప్పులో అతి వేడిగా ఉండే చోటైన హాట్‌స్పాట్ వేడిని, కార్డు చూపిస్తే మెమరీ వేడిని కూడా చూడాలి. చిప్పుకూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా పాతిక డిగ్రీలు దాటితే లోపలి థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. ఆ అరగంట పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే ధర ఎంత తక్కువైనా ఆ కార్డును అక్కడే వదిలేసి రావాలి.